పక్షి కడుపులోని సాక్ష్యం, పాత చెప్పుల ఓడ

ఉర్దూలో 'ఇబ్రత్' అనే మాట ఒకటుంది. అరబ్బీ నుంచి వచ్చిన మాట. తెలుగులో గుణపాఠం అంటాం గాని, అందులో మరో అర్థం కూడా ఇమిడి ఉంది. ఆ మాట పుట్టిన ధాతువుకు 'దాటడం' అని అర్థం. ఏరు దాటి అవతలి గట్టుకు చేరినట్టు, కంటికి కనిపించిన దాని దగ్గరే ఆగిపోకుండా కనిపించని దాని వైపు మనసు దాటి వెళ్లడమే ఇబ్రత్. అలా కాకుండా చూసి, అయ్యో అనుకుని, ఇంటికి వెళ్లి మరచిపోతే అది తమాషా. వస్తువు ఒకటే కావచ్చు. చూసిన మనిషి ఆ తర్వాత ఏం చేశాడన్న దాన్ని బట్టే అది తమాషానో, ఇబ్రతో తేలుతుంది.

ఈ వారం మేము కళ గురించి రాయదలచుకున్నాం. అలంకారం కోసం గోడకు తగిలించే కళ గురించి కాదు. సముద్రాల్లో, తీరాల్లో పేరుకుపోతున్న ప్లాస్టిక్ చెత్తను చూసి మనసు కలత చెందిన కొందరు కళాకారులు చేసిన పని గురించి. ఒకరు కెమెరా పట్టుకున్నారు. ఒకరు ఉలి, రంపం పట్టుకున్నారు. మరొకరు దేశాల ప్రతినిధులు సమావేశమైన చోటికే తన శిల్పాన్ని తీసుకెళ్లి నిలబెట్టారు. వీరి కృషి తమాషాగా మిగిలిందా, ఇబ్రత్ అయిందా అన్నదే మా ప్రశ్న. ఆ ప్రశ్నకు సగం జవాబు వారి దగ్గర ఉంటే, మిగతా సగం మన దగ్గర ఉందని మా అభిప్రాయం.

ఊరు లేని చోట మన చెత్త

పసిఫిక్ మహాసముద్రం నడుమ మిడ్‌వే అనే పగడపు దీవి ఉంది. పేరుకు తగ్గట్టే అది అమెరికా, ఆసియా ఖండాలకు నడిమి దారిలో, హవాయి దీవుల వరుసకు వాయవ్యం వైపు ఉంటుంది. ఏ ఖండం నుంచి కొలిచినా 3,000 కిలోమీటర్లకు పైగా దూరం. 1942లో అమెరికా, జపాన్ నౌకాదళాలు అక్కడ భీకరంగా తలపడ్డాయి. నేడు కొద్దిమంది సంరక్షణ సిబ్బంది తప్ప అక్కడ కాపురం ఉండేవారు లేరు. ఊరు లేదు, బజారు లేదు, దుకాణం లేదు. ఉన్నవల్లా పక్షులే.

వాటిలో ముఖ్యమైనది లైసాన్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షి. రెక్కలు చాపితే రెండు మీటర్ల వెడల్పు. లక్షలాది పక్షులు ఏటా ఆ దీవికి వచ్చి గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని పోతాయి. ఇవి చాలా కాలం బతుకుతాయి. 1956లో శాస్త్రజ్ఞులు కాలికి గుర్తు కడియం తొడిగిన ఒక ఆడపక్షి 2024 చివర్లో కూడా గుడ్డు పెట్టింది. దానికి 'విజ్డమ్' అని పేరు పెట్టారు. అప్పటికే దాని వయసు 70 దాటింది. ప్లాస్టిక్ ఇంటింటి వస్తువుగా మారినదంతా ఆ ఒక్క పక్షి జీవితకాలంలోనే. దాని తల్లి సముద్రం మీద ఏరి తెచ్చిన మేతకు, అది తన పిల్లలకు ఏరి తెచ్చిన మేతకు మధ్య ఎంత తేడా వచ్చిందో ఊహించండి.

2009 సెప్టెంబరులో క్రిస్ జోర్డన్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ కొందరు మిత్రులతో కలిసి ఈ దీవికి వెళ్లారు. ఆయన మొదట్లో చాలా ఏళ్లు న్యాయవాదిగా పనిచేసి, ఆ వృత్తి వదిలి కెమెరా పట్టుకున్నవారు. దీవి నేల మీద చనిపోయి పడి ఉన్న ఆల్బట్రాస్ పిల్లలను ఆయన ఒక్కొక్కటిగా ఫోటో తీశారు. మాంసం కుళ్లి నేలలో కలిసిపోయింది. ఈకలు, ఎముకలు, ముక్కు మిగిలాయి. కడుపు ఉండవలసిన చోట మాత్రం కుళ్లనివి, కరగనివి గుప్పెళ్ల కొద్దీ ఉన్నాయి. సీసా మూతలు, సిగరెట్ లైటర్లు, విరిగిన ప్లాస్టిక్ ముక్కలు. ఎరుపు, నీలం, తెలుపు, ఏ రంగూ వెలిసిపోలేదు.

ఇవి పిల్ల కడుపులోకి ఎలా చేరాయి? ఆల్బట్రాస్ నీటి పైభాగంలో తేలే ఆహారాన్ని వేటాడుతుంది. మెత్తటి శరీరం గల స్క్విడ్లు, తేలుతున్న వస్తువులకు గుత్తులుగా అంటుకుని ఉండే ఎగిరే చేపల గుడ్లు దానికి ఇష్టం. పూర్వం ఆ గుడ్లు కర్రముక్కలకో, నాచుకో అంటుకుని ఉండేవి. ఇప్పుడు ప్లాస్టిక్ ముక్కలకూ అంటుకుంటున్నాయి. తల్లి పక్షి వందల కిలోమీటర్లు ఎగిరి, మేత అనుకుని వాటిని మింగి, తిరిగి వచ్చి పిల్ల నోట్లోకి కక్కుతుంది. పిల్లకు ఎంచుకునే తెలివి ఉండదు. తల్లి పెట్టింది తింటుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం బలం పట్టదు. తల్లి తన బిడ్డకు ప్రేమతోనే విషం పెడుతోంది. ఇందులో ఆ తల్లి తప్పు ఏముంది?

సాక్షి చేయవలసిన పని

ఈ ఫోటోలు వెలువడగానే కొందరికి అనుమానం వచ్చింది. ఇంత చక్కగా, ఇంత రంగురంగులుగా ఉన్నాయే, ఫోటోగ్రాఫర్ తానే ముక్కలు పేర్చి తీశాడా అని. జోర్డన్ ముందే స్పష్టంగా చెప్పారు. ఒక్క ముక్కనైనా తాము కదపలేదని, చేర్చలేదని, తీసేయలేదని, ఉన్నది ఉన్నట్టే చూపామని.

మేము మదర్సాలో ఫిఖహ్ చదువుకున్నవాళ్లం. అందులో సాక్ష్యానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంటుంది. సాక్షి తాను చూసిందే చెప్పాలి. విన్నది కలపకూడదు, ఊహించింది కలపకూడదు, జాలి పుట్టించడానికి రవ్వంత పెంచి కూడా చెప్పకూడదు. పెంచిన క్షణాన నిజమైన భాగం కూడా చెల్లకుండా పోతుంది. కోర్టు పని తెలిసిన జోర్డన్‌కు ఈ సంగతి బాగా తెలిసే ఉంటుంది. ఆయన ఫోటోల విలువంతా ఆ నిగ్రహంలోనే ఉంది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. దీవిలో చనిపోయిన ప్రతి పిల్లా ప్లాస్టిక్ వల్లే చనిపోయిందని చెప్పలేం. ఆకలి, దాహం, ఎండ, వాన కూడా పక్షి పిల్లలను చంపుతాయి. ఫోటో చెప్పేది ఒక్కటే. మనుషులు లేని చోట పుట్టి, రెక్కలు రాకముందే పోయిన ప్రాణి కడుపులో మనుషులు వాడి పారేసిన వస్తువు ఉంది. ఇంతకు మించి చెప్పనక్కర లేదు. ఇదే చాలు.

జోర్డన్ అంతకుముందు మరో పద్ధతి కూడా ప్రయత్నించారు. 2007లో ఆయన తయారు చేసిన ఒక పెద్ద చిత్రంలో 20 లక్షల ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తాయి. అప్పట్లో అమెరికాలో ప్రతి 5 నిమిషాలకు వాడే సీసాల లెక్క అది. చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. కాని అంకె ఎంత పెద్దదైతే అంత త్వరగా మన మీది నుంచి జారిపోతుంది. 20 లక్షల సీసాలు చేయలేని పని ఒక పక్షి పిల్ల చేసింది. ఆ తర్వాత ఆయన ఎన్నో సార్లు మిడ్‌వేకు వెళ్లి, ఆ పక్షుల ఆటపాటలు, జత కట్టడం, పిల్లల్ని సాకడం, చావు అన్నీ చిత్రించి 'ఆల్బట్రాస్' అనే సినిమా తీశారు. 2018లో దానిని లోకమంతా ఉచితంగా చూసేలా విడుదల చేశారు. డబ్బు తీసుకోకపోవడం కూడా మంచి సాక్షి లక్షణమే.

మేము పాఠం చెప్పే పిల్లలకు ఒకసారి ఈ ఫోటోలు చూపించాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక కుర్రాడు అడిగాడు: "ఉస్తాద్, అక్కడ మనుషులే లేరన్నారు కదా, మరి ఈ మూతలు అక్కడికి ఎవరు తీసుకెళ్లారు?" ఎవరూ తీసుకెళ్లలేదని చెప్పాం. వాన మోరీలోకి తోసింది, మోరీ కాలువకు అప్పగించింది, కాలువ నదికి, నది సముద్రానికి, ప్రవాహం పక్షికి. మరో పిల్లవాడు అన్నాడు: "అయితే మూత పారేసినవాడికి తెలియనే తెలియదన్నమాట." ఎన్నో ఏళ్లుగా చదువు చెబుతున్నాం, ఈ సమస్యను ఇంత సూటిగా చెప్పిన మాట మేము వినలేదు. పారేసినవాడికి తెలియదు. తెలియజేయడమే ఈ కళ పని.

హవాయి చెప్పులు చేరిన తీరం

మన ఇళ్లలో రెండు పట్టీల రబ్బరు చెప్పులను హవాయి చెప్పులంటాం. మిడ్‌వే ఉన్న ఆ హవాయి పేరే మన గడప దగ్గర విడిచిన చెప్పుకూ ఉంది. పేదవాడికి అందుబాటులో ఉండే చెప్పు ఇదే. అందుకే ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. తెగిపోయాక నీళ్లలో తేలుతూ పోయేదీ ఇదే. హిందూ మహాసముద్రం ఇలాంటి చెప్పులను లెక్కలేనన్ని మోసుకెళ్లి ఆఫ్రికా తూర్పు తీరంలో పడేస్తుంది.

ఆ తీరంలో, కెన్యా దేశంలో లాము అనే దీవి ఉంది. స్వాహిలీ మాట్లాడే ముస్లింల పాత పట్టణం. రుతుపవనాల గాలిని నమ్ముకుని అరేబియా నుంచి, మన దేశపు పశ్చిమ తీరం నుంచి తెరచాప ఓడలు శతాబ్దాల పాటు ఆ తీరానికి వచ్చి పోయేవి. ఇరుకు సందులు, నగిషీ చెక్కిన తలుపులు, బరువులు మోసే గాడిదలు. 2001లో యునెస్కో ఆ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. 'ధౌ' అనే తెరచాప ఓడను చేతి పనిముట్లతో కట్టే హునర్ అక్కడ నేటికీ బతికి ఉంది.

ఆ హునర్‌లో పేరున్న ఉస్తాద్ అలీ స్కందా. 2016లో పర్యాటక రంగానికి చెందిన బెన్ మోరిసన్ ఒక వింత ఆలోచనతో ముందుకు వచ్చారు. తీరం మీద పోగుపడిన ప్లాస్టిక్ చెత్తతోనే ఒక ధౌ కడితే? దీపేశ్ పబారి మొదలైనవారు తోడయ్యారు. కట్టే భారం అలీ స్కందా మీద, ఆయన పనివాళ్ల మీద పడింది.

వినడానికి తేలికే. చేయడమే కష్టం. ఏరిన చెత్తను రకాల వారీగా వేరు చేయాలి. కరిగించాలి. అచ్చుల్లో పోసి దూలాలు, పలకలు తయారు చేయాలి. ఆ తర్వాత వాటిని చెక్కను చెక్కినట్టే చేత్తో చెక్కి ఓడ ఆకారానికి తేవాలి. చెక్కకు నార ఉంటుంది, ఉలికి అది దారి చూపిస్తుంది. ప్లాస్టిక్‌కు నార లేదు. ఎండకు సాగుతుంది, బరువుకు వంగుతుంది. తరాలుగా వచ్చిన పనితనాన్ని ఈ కొత్త సరుకుకు అలవాటు చేయవలసి వచ్చింది. దాదాపు 10 టన్నుల ప్లాస్టిక్ చెత్త ఇందులోకి వెళ్లింది. ఓడ పక్కలకు 30,000 పాత చెప్పులను కోసి, అతికి, పలకలుగా చేసి తొడిగారు. సుమారు 9 మీటర్ల పొడవున్న ఆ ఓడ దూరం నుంచి చూస్తే రంగురంగుల బొంతలా ఉంటుంది. దగ్గరికి వెళితే ఒక్కో ముక్క ఎవరో తొడిగి విడిచిన చెప్పు. దానికి 'ఫ్లిప్‌ఫ్లాపి' అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఈ చెప్పులకున్న పేరునే కాస్త మార్చి పెట్టుకున్నారు.

2018 సెప్టెంబరులో ఓడను నీళ్లలోకి దించారు. 2019 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అది లాము నుంచి జాంజిబార్ వరకు దాదాపు 500 కిలోమీటర్లు ప్రయాణించింది. మలిండి, మొంబాసా వంటి రేవుల్లో ఆగింది. ఆగిన చోటల్లా బడిపిల్లలు, జాలరులు, అధికారులు వచ్చి దాన్ని తడిమి చూశారు. 2021లో విక్టోరియా సరస్సు చుట్టూ ఉన్న కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాలకు కూడా ఈ ఓడను తిప్పారు.

లాము ప్రాంతంలో ఈ హునర్‌కు ముందు కూడా ఒక అడుగు పడింది. 1990ల చివర్లో అక్కడి కివాయు దీవిలో కొట్టుకొచ్చిన చెప్పులతో పిల్లలు బొమ్మలు చేసుకోవడం జూలీ చర్చ్ అనే సముద్ర సంరక్షకురాలు గమనించారు. దాని నుంచి పుట్టిన ఓషన్ సోల్ అనే సంస్థలో చేతిపనివాళ్లు పాత చెప్పులను ముద్దలుగా అతికి, చెక్కి, ఏనుగులు, జిరాఫీలు, తాబేళ్లు చేస్తారు. చెత్త ఏరినవారికీ, చెక్కినవారికీ కూలి దొరుకుతుంది. బొమ్మను కొన్నవారికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

జోర్డన్ కళకు, అలీ స్కందా కళకు తేడా ఇక్కడే. మొదటిది ఏం జరిగిందో చెబుతుంది. రెండవది చేతులున్న మనిషి ఏం చేయగలడో చూపిస్తుంది. మొదటిది మాత్రమే ఉంటే మనిషి కుంగిపోతాడు. రెండవది మాత్రమే ఉంటే, పర్వాలేదు, చెత్తతో కూడా అందమైన వస్తువులు చేయవచ్చు కదా అని నిశ్చింతగా మరిన్ని సంచులు పారేస్తాడు.

ఎన్ని ఓడలు కట్టగలం?

రెండవ ప్రమాదం చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం ఏటా 1.9 కోట్ల నుంచి 2.3 కోట్ల టన్నుల ప్లాస్టిక్ చెత్త చెరువులు, నదులు, సముద్రాల్లోకి చేరుతోంది. ఒక ధౌకు 10 టన్నులు పట్టింది. అంటే ఏటా చేరే చెత్తను ఓడలుగా మార్చాలంటే దాదాపు 20 లక్షల ఓడలు కట్టాలి, మళ్లీ వచ్చే ఏడాది మరో 20 లక్షలు. కళ చెత్తను ఖాళీ చేయలేదు. ఆ పని కళది కాదు. నిండుతున్న తొట్టిని గరిటెతో తోడేవాడు ముందు కుళాయి కట్టేయాలి.

కెనడాకు చెందిన బెంజమిన్ వాన్ వాంగ్ సరిగ్గా ఈ మాటనే బొమ్మ కట్టి చూపించారు. 2022లో కెన్యా రాజధాని నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ జరిగినప్పుడు, ఆ ప్రాంగణంలో మూడంతస్తుల ఎత్తున ఒక కుళాయిని నిలబెట్టారు. దాని నుంచి నీళ్లకు బదులు ప్లాస్టిక్ చెత్త ధారగా దిగుతుంటుంది. ఆ చెత్త నైరోబీలోని కిబెరా పేదల బస్తీలో సేకరించిందే. ఆ సభలోనే, ప్లాస్టిక్ కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం ఒకటి కుదుర్చుకోవాలని దేశాలు తీర్మానించాయి.

ఆ తర్వాత కథ అంత సంతోషకరం కాదు. 2024 చివర్లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో చర్చలు ఒప్పందం లేకుండానే ముగిశాయి. 2025 ఆగస్టులో జెనీవాలో మళ్లీ కూర్చున్నారు. వాన్ వాంగ్ అక్కడికీ వెళ్లారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్న మనిషి శిల్పాన్ని ఐక్యరాజ్యసమితి భవనం ఎదుట కూర్చోబెట్టి, చర్చలు సాగుతున్న కొద్దీ దాని చుట్టూ ప్లాస్టిక్ చెత్త పెంచుకుంటూ పోయారు. ప్రతినిధులు రోజూ చూసే ఉంటారు. అయినా ఆ చర్చలూ ఒప్పందం లేకుండానే ముగిశాయి. ప్లాస్టిక్ ఉత్పత్తికే పరిమితి పెట్టాలా, చెత్త నిర్వహణతో సరిపెట్టాలా అన్న దగ్గరే పీటముడి పడింది.

మరి కళ ఓడిపోయినట్టా? కళ సంతకం పెట్టలేదు, చట్టం చేయలేదు. కళ్లు కప్పుకోకుండా మాత్రం చేయగలదు. కెన్యానే చూడండి. 2017 ఆగస్టులో ప్లాస్టిక్ సంచులను నిషేధించి, ఉల్లంఘించినవారికి నాలుగేళ్ల వరకు జైలు శిక్ష విధించేలా కఠిన నిబంధన తెచ్చింది. 2020 జూన్‌లో అభయారణ్యాలు, రక్షిత తీరాల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను కూడా నిషేధించింది. ఇవి ఒక ఓడ వల్లే జరిగాయని మేము అనడం లేదు. సంచుల నిషేధం ఓడకు ముందే వచ్చింది. కాని జనం మనసు సిద్ధంగా లేని చోట చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. ఆ మనసును సిద్ధం చేయడంలో బడిపిల్లలు చేత్తో తడిమి చూసిన ఓడకు పాత్ర ఉంది.

మన గడపలో మిడ్‌వే

ఇదంతా ఎక్కడో సముద్రం నడుమ జరిగిన సంగతి అనుకునేవారు బక్రీద్ నాడు బోటి శుభ్రం చేసేవారిని అడగండి. మేక పొట్ట కోసినప్పుడు లోపల నుంచి ముడుచుకుపోయిన పాలిథిన్ సంచి బయటపడటం మన బస్తీల్లో కొత్త కాదు. మిగిలిన అన్నం, కూర సంచిలో కట్టి వీధిలో పారేస్తాం. వాసనకు వచ్చిన మేకో, ఆవో సంచితో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. పశువుకు కడుపు నిండినట్టే ఉంటుంది, మేత మాత్రం ఒంటికి పట్టదు. ఆల్బట్రాస్ పిల్ల కథకూ దీనికీ తేడా ఏమిటి? దూరం ఒక్కటే తేడా. మిడ్‌వే పక్షిని ఫోటో తీయడానికి సముద్రం దాటి వెళ్లాలి. మన వీధి మేకను చూడటానికి గడప దాటితే చాలు.

మన దేశంలో 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులపై నిషేధం ఉంది. అయినా మన దావత్‌లలో, జల్సాలలో, వలీమాలలో అవి ఎంత స్వేచ్ఛగా కనిపిస్తాయో అందరికీ తెలుసు. ఇఫ్తార్ విందు సంగతే తీసుకోండి. పూర్వం దస్తర్‌ఖాన్ అంటే గుడ్డ. ఉతికి, మడిచి, మరునాడు మళ్లీ పరిచేవారు. ఇప్పుడు దాని స్థానంలో పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్ట విప్పి పరుస్తున్నారు. భోజనం అయ్యాక ఖర్జూరం గింజలు, ఎముకలు, మిగిలిన హలీం, నీళ్ల ప్యాకెట్లు అన్నిటినీ అందులోనే చుట్టి చెత్తకుండీ దగ్గర పడేస్తున్నారు. ఆ మూటను తెల్లవారేలోగా విప్పేది ఎవరో చెప్పనక్కర లేదు.

మేము పాఠకులకు మూడు సూచనలు చేయదలిచాం. మొదటిది, ఇంట్లో పాత దస్తర్‌ఖాన్ గుడ్డ ఉంటే బయటికి తీయండి. లేకుంటే నాలుగు గజాల గుడ్డ కొని అంచులు కుట్టించండి. అది ఎన్నో రంజాన్లకు వస్తుంది. రెండవది, దావత్ చేసేవారు స్టీలు గ్లాసులు, పళ్లేలు అద్దెకు తెచ్చుకోండి. కడగడానికి ఇద్దరికి కూలి ఇస్తే వారి ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది. మూడవది, మదర్సాల్లో, బడుల్లో ఉన్న తోటి ఉపాధ్యాయులకు. పిల్లల చేత ఒక వారం పాటు బడి ముందున్న వీధిలో పడిన ప్లాస్టిక్‌ను చేతులకు తొడుగులు వేయించి ఏరించండి. కడిగి, ఆరబెట్టి, రంగుల వారీగా నేల మీద పరిపించండి. శుక్రవారం నమాజు తర్వాత తల్లిదండ్రులు, మొహల్లా పెద్దలు వచ్చి చూసేలా చేయండి. ఏమీ చేర్చవద్దు, ఏమీ దాచవద్దు. ఏ దుకాణం పేరున్న సంచి ఎక్కువగా దొరికిందో, ఏ విందు మరునాడు గ్లాసులు ఎక్కువ దొరికాయో పిల్లలనే చెప్పనివ్వండి.

చూసినవాళ్లు అయ్యో అని వెళ్లిపోతే తమాషా. ఆ వారం తర్వాత మరో వారం ఏరించినప్పుడు కుప్ప చిన్నదైతే అది ఇబ్రత్. కాబట్టి రెండవ వారం కుప్పను కూడా తూకం వేయించి, రెండు అంకెలూ బడి గోడ మీద పక్కపక్కన రాయించండి.